పోరంకి దగ్గర ఒక కాలనీ పార్కు: మూడుసార్లు నాటినా మొక్కలు ఎందుకు బతకలేదు

2023 జూన్‌లో ఒక కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, మాట లెక్కగా ఉంటుంది. "మేడమ్, పార్కులో మూడు విడతలు మొక్కలు నాటాం. మూడూ పోయాయి. స్థలంలో ఏదో దోషం ఉందంటున్నారు. శాంతి చేయించాలా, మట్టి టెస్ట్ చేయించాలా మీరే చెప్పండి" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఎవరో శాంతి మాట నిజంగానే ఎత్తారని తర్వాత తెలిసింది.

నేను విజయవాడలో లాండ్‌స్కేప్ పని చేస్తాను. అపార్ట్‌మెంట్ల ముందు పచ్చిక, ఇళ్ల మేడల మీద తోటలు, అదే నా జీవనాధారం. కాలనీ పార్కుల్లో డబ్బు రాదు, పైగా మీటింగులకు వెళ్లాలి. అయినా ఒప్పుకున్నాను. మూడుసార్లు ఒకే చోట చచ్చిపోయాయంటే అది మొక్కల తప్పు కాదు, చూడాలనిపించింది.

కాలనీ పేరు రాయడం లేదు. విజయవాడ శివార్లలో పోరంకి దగ్గర, బందరు రోడ్డుకీ బందరు కాలువకీ మధ్య. ఆ చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఉన్నాయి కాబట్టి ఏది అనుకున్నా పెద్ద తేడా ఉండదు.

మొదటిసారి వెళ్లేసరికి ముందురోజు వాన పడి ఉంది. చుట్టూ ప్రహరీ, ఆర్చి మీద కాలనీ పేరు, ఒక విరిగిన ఉయ్యాల. సరుగుడు కర్రలకు నీలం ప్లాస్టిక్ తాడుతో కట్టిన ఎండు పుల్లలు వరసగా నిలబడి ఉన్నాయి. అవే వేప, తురాయి, ఏడాకుల మొక్కలు. ప్రహరీ వెంట కొనోకార్పస్ మాత్రం పచ్చగా, ధీమాగా ఉంది. ఒక మొక్క గుంతలో చెయ్యి పెడితే మోచేతి దాకా నీళ్లు తగిలాయి. ఆ గుంతకు రెండడుగుల అవతల నేలలో పలుగు దిగలేదు.

ఎవరు చూసినా జబ్బు అక్కడే సగం అర్థమవుతుంది. బయటి మట్టి తోలి, గట్టిగా తొక్కిన మెరకలో రెండడుగుల గుంత తీశారు, అందులో మంచి ఎర్రమట్టి, ఎరువు పోశారు. చుట్టూ రాయిలాంటి నేల, మధ్యలో మెత్తటి మట్టి. వానాకాలం అది బకెట్ అవుతుంది, వేళ్లు మునిగి కుళ్లిపోతాయి. ఎండాకాలం అదే గుంత పొయ్యి అవుతుంది. మొదటి విడతను వాన తీసుకుపోయింది, రెండోదాన్ని ఎండ తీసుకుపోయింది. మూడోసారి గుంత ఇంకా లోతుగా తీశారు కాబట్టి బకెట్ పెద్దదైంది, అంతే.

మెరక ఎందుకు తోలారు, నీళ్లు ఆ మూలకే ఎందుకు వస్తున్నాయి అన్నదానికే నాకు నాలుగు నెలలు పట్టింది. ఈ కేసులో అసలు సంగతి అదే.

కాగితాలు

ముందు లేఅవుట్ కాపీ అడిగాను. వెంచర్ మూడెకరాల చిల్లర. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదిలి స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేయాలి. ఇక్కడ ఆ పని జరిగింది, అదృష్టం. పార్కు 31 సెంట్లు అని రాసి ఉంది. టేపు వేసి కొలిస్తే 27 వచ్చింది. ఒక పక్క ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఇంకో పక్క ఎవరిదో ప్రహరీ ఒక గజం లోపలికి జరిగి ఉంది. ఆ నాలుగు సెంట్ల గొడవ నా పని కాదు. కొలత కాగితం మీద పెట్టి, సంతకం చేసి అసోసియేషన్‌కి ఇచ్చేశాను. వాళ్లు దాన్ని ఇప్పటిదాకా బీరువాలోంచి తీయలేదు. పొరుగువాడితో తగువు పెట్టుకునేకంటే నాలుగు సెంట్లు పోతే పోయాయి అనుకునే కాలనీలే ఎక్కువ.

27 సెంట్లంటే సుమారు 1,300 గజాలు. తక్కువేం కాదు. అనుమతి లేని లేఅవుట్లలో ఈ మాత్రం కూడా ఉండదు. అలాంటి చోట్ల క్రమబద్ధీకరణ సమయంలో ప్లాటు విలువ మీద 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ అని వసూలు చేసేవారు. డబ్బు ఖజానాకు చేరుతుంది గానీ పిల్లలు ఆడుకోవడానికి ఆ వీధిలో స్థలం పుట్టదు.

తర్వాత ఊరి సర్వే పటం, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పటం, తీయించాను. ఏదో ఒక కాలువ పోరంబోకు గీత కనపడుతుందనుకున్నాను. ఏమీ లేదు. పార్కు ఉన్న చోట శుభ్రంగా పట్టా భూమి, మాగాణి. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి తిప్పుకుంటూ పోతే మాత్రం, వెంచర్ రాకముందు ఆ పొలాల మధ్య సన్నటి ముదురు గీత ఒకటి వంకర తిరిగి సరిగ్గా ఈ మూలకు వచ్చి ఆగుతోంది. పటంలో లేనిది ఆకాశం నుంచి కనపడుతోంది.

మాగాణి ఎలా కాలనీ అయింది

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పకపోతే ఆ గీత అర్థం కాదు.

విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కల్లా పూర్తయింది. ఆర్థర్ కాటన్ ఆలోచన, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ చార్లెస్ ఓర్. 1952లో దానికి గండి పడ్డాక ప్రకాశం బ్యారేజీ వచ్చింది, 1957లో. ఊరివైపు ఒడ్డున బయల్దేరిన కాలువల్లో బందరు కాలువ ఒకటి. దాని నీళ్లతోనే కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు మాగాణి అయ్యాయి. వరి, ఆ వెనక మినుము. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ ఉండటంతో చెరుకు.

డెల్టాలో కాలువ ఎప్పుడూ మెరక మీద నడుస్తుంది, మురుగు పల్లంలో నడుస్తుంది. నీళ్లు కాలువ తూములోంచి పంటబోదె అనే పిల్లకాలువలోకి, బోదెలోంచి మడిలోకి, పై మడిలోంచి కింది మడిలోకి, ఆఖరికి మురుగు బోదెలోకి. కాలువలకూ పెద్ద మురుగు డ్రెయిన్లకూ ప్రభుత్వ భూమి ఉంది, సర్వే నంబరు ఉంది, చూసే శాఖ ఉంది. పొలాల మధ్య బోదెలకు చాలా చోట్ల అవేవీ లేవు. అవి రైతుల పట్టా భూముల్లోంచే, ఒకరి మాట మీద ఒకరు వదిలిన జాగాలో నడిచాయి. ఏటా తొలకరికి ముందు అందరూ పారలు పట్టుకుని పూడిక తీసుకునేవారు. రాతకోతలు ఏమీ ఉండేవి కావు. అందుకే పటంలో గీత లేదు.

అటు ఊరు పెరుగుతూ వచ్చింది. 1966లో ఆటోనగర్ వచ్చింది, 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. పటమట దాటాక పొలాలే అన్న మాట నా చిన్నప్పటి వరకూ కొంత నిజం. 2014లో రాజధాని ప్రకటనతో గజం ధర ఒక్కసారిగా లేచేసరికి మిగిలిన పొలాలకూ హద్దు రాళ్లు వచ్చేశాయి. కానూరు, యనమలకుదురు, తాడిగడప, పోరంకి నాలుగు పంచాయతీలు కలిసి ఇప్పుడు ఒకే మున్సిపాలిటీ. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ మండలం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. పొద్దున లేస్తే బెజవాడ సిటీ బస్సు ఎక్కే జనానికి కలెక్టరేటు మాత్రం బందర్లో.

సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చడానికి 2006 చట్టం ప్రకారం, 2025లో దాన్ని రద్దు చేసేదాకా, కట్టిన పన్నుని మనవాళ్లు 'నాలా' అనేవారు. ఇంగ్లిషు పొడి అక్షరాలు కలిపితే వచ్చిన మాట. నాలా అంటే మురుగు కాలువ అని కూడా కదా. ఇక్కడ నాలా కట్టి మరీ నాలా పూడ్చేశారు. ఈ ముక్క మీటింగులో అన్నప్పుడు ఒక్క ప్రెసిడెంటు గారే నవ్వారు.

పెద్దాయన

ఆ పొలం అమ్మిన రైతుల్లో ఒకాయన ఇంకా పాత ఊళ్లోనే ఉన్నారు. ఎనభై దాటాయి. వాచ్‌మన్ తీసుకెళ్లి పరిచయం చేశాడు. అరుగు మీద కూర్చోబెట్టి ముందు మజ్జిగ ఇచ్చారు, తర్వాత మా ఊరు, ఇంటిపేరు అడిగారు, ఆ తర్వాతే సంగతికి వచ్చాం.

"బాబాయ్ గారూ, ఆ పార్కు మూలలో ఏం నాటినా బతకట్లేదండీ" అన్నాను.

"ఎట్టా బతుకుద్ది అమ్మాయ్? అది మా మురుగు నోరు. ఎగువ కమతాలన్నిటి నీళ్లూ వచ్చి అక్కడే దిగేయి. నాట్లు ముందంతా వేసుకుని ఆ మడి ఆఖర్న వేసేవాళ్లం. వాన గట్టిగా కొడితే ముందు మునిగేది అదే."

"మరి పార్కు అక్కడే ఎందుకు ఇచ్చారండీ?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "మెరకన ఉన్న ముక్క అమ్ముకుంటాడా, పార్కుకి ఇత్తాడా?"

ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. నేను చూసిన కాలనీ పార్కుల్లో ఎక్కువ భాగం మూడు మూలల ముక్కలు, హైటెన్షన్ తీగల కింది ముక్కలు, లేదా పల్లం ముక్కలు. ప్లాటుగా పనికిరాని దాన్నే పచ్చగా చూపిస్తారు.

గుంతలు

దసరా వెళ్లాక మూడు చోట్ల లోతుగా గుంతలు తవ్వించాను. పై అడుగున్నర గ్రావెల్, దానికింద రబ్బీసు. ఇటుక ముక్కలు, టైల్సు, సగం గట్టిపడిన సిమెంటు బస్తా ఒకటి, ఒక పిల్లాడి చెప్పు. మూడున్నర అడుగుల దగ్గర గడ్డపార శబ్దం మారింది. టంగుమనడం పోయి మెత్తగా దిగింది. నల్లమట్టి.

బయటికి తీసి చేత్తో విరిస్తే లోపల నల్లగా లేదు, బూడిద కలిసిన నీలంగా ఉంది. మధ్యలో దారాల్లాంటి తుప్పురంగు గీతలు. అవి వరి వేళ్లు నడిచిన దారులు. నీళ్లలో నిలబడ్డ వరి తన వేళ్లకు తానే గాలి పంపుకుంటుంది, ఆ గాలి తగిలిన చోట మట్టిలోని ఇనుము తుప్పు పడుతుంది. వేరు కుళ్లి పోయినా గీత ఉండిపోతుంది. రెండు గుంతల్లో అంతే. మూడోది, ఆకాశం నుంచి గీత కనపడిన చోట తవ్వింది, వేరు. అక్కడ నల్లమట్టి ఇంకో రెండడుగులు కిందికి పోయింది, దానిమీద పలచగా ఒండ్రు, అందులో చితికిన నత్తగుల్లలు. బోదె అడుగు అది. ప్రెసిడెంటు గారు ఒక గుల్ల కడిగి రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నారు.

ఇక జబ్బు పూర్తిగా తేలింది. చుట్టూ ఉన్న వీధుల వాన ఇప్పటికీ పాత వాలు ప్రకారం ఈ మూలకే వస్తోంది. మెరకలోంచి దిగి నల్లమట్టి మీద ఆగిపోతోంది. బయటికి పోవడానికి పడమటి రోడ్డు కింద ఒక పాత తూము ఉండాలి. వెతికితే దొరికింది. రోడ్డు మీద రోడ్డు వేసినప్పుడు దాని నోరు కాంక్రీటుతో మూసేశారు. ఆ వీధిలో సీసీ రోడ్డు వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా పైనే పోశారు కాబట్టి, మొదట కట్టిన ఇళ్ల గేట్లు ఇప్పుడు రోడ్డు కంటే పల్లం. కొత్తగా కట్టేవాళ్లు ఇంకో రెండడుగులు బేస్‌మెంట్ లేపుతారు. నీళ్లు పక్కింటికి పోతాయి.

మీటింగు

నా ప్రతిపాదన చిన్నది: పార్కు దక్షిణం అంచున మెరక తీసేసి బోదెని మళ్లీ తెరవాలి. పైన తొమ్మిదడుగుల వెడల్పు, మధ్యలో రెండడుగుల లోతు, ఏటవాలు గట్లు. తూము నోరు తెరవాలి. తీసిన గ్రావెల్‌తో ఉత్తరం పక్క నడక దారి వేయాలి.

దానికి మూడు మీటింగులు పట్టాయి. "డబ్బులిచ్చి పూడ్పించుకున్నదాన్ని డబ్బులిచ్చి తవ్వించుకోవాలా" అన్నది మొదటి ప్రశ్న. నిజమే మరి. ఒక వర్గానికి అక్కడ చిన్న ఫంక్షన్ హాలు కావాలి, అద్దెతో వాచ్‌మన్ జీతం వెళ్లిపోతుందని. పార్కుకని వదిలిన స్థలాన్ని వేరే పనికి ఇవ్వడం కుదరదని 1991లోనే బెంగళూరు పార్కు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ ఆస్పత్రికి ఇవ్వబోతేనే ఒప్పుకోలేదు. ఆ మాట చెప్పాక హాలు వర్గం తగ్గింది, కోర్టు మీద గౌరవం కంటే పక్కవీధివాళ్లు కేసు వేస్తారన్న భయంతో.

గట్టి అభ్యంతరం ఆడవాళ్లది: దోమలు, పాములు. ఇది తేలిగ్గా తీసుకోకూడదు. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పైన పడుతుంది. రెండు రోజుల్లో ఇంకిపోయే, పారిపోయే నీళ్లలో దోమ పుట్టదు. ఇప్పుడున్న గుంతల్లోనే వారాల తరబడి నిలవ ఉంటోంది. ఈ లెక్క చెప్పాను. పాముల గురించి మాత్రం రావని చెప్పలేదు. నీరుకట్టు పాము వస్తుంది, దానికి విషం లేదు అన్నాను. అప్పుడు నన్ను చూసిన చూపులు ఇప్పటికీ గుర్తున్నాయి.

కొనోకార్పస్ మీద ఇంకో వాదన. వేళ్లు పైపుల్లో, డ్రెయిన్లలో దూరతాయి కాబట్టి తీసేయమన్నాను. "బతికింది అదొక్కటే కదండీ" అన్నారు. సగం తీశాం, సగం ఉంచాం. ఇలాంటి రాజీలు డ్రాయింగులో బాగుండవు.

పని, నా తప్పు

2024 మే నెలలో, కాలువలో నీళ్లు లేని రోజుల్లో, జేసీబీ రెండు రోజులు పనిచేసింది. గట్ల మీద వట్టివేరు, తుంగ. అంచు వెంట తెల్లమద్ది, నేరేడు, కానుగ, ఇవన్నీ ఏటి ఒడ్డు చెట్లే, కొన్నాళ్లు వేళ్లు మునిగినా తట్టుకుంటాయి. వేప మాత్రం మెరక పక్కకి, గుంత లేకుండా చిన్న దిబ్బ మీద. రోడ్డు కింద తూముకి అనుమతి కోసం తిరిగిన సంగతి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

జులైలో ఒకరోజు పొద్దున్నే ఆరింటికి ఫోన్. "మేడమ్, నీళ్లు పోవట్లేదు. తోకపురుగులు కనపడుతున్నాయి." వెళ్లి చూస్తే నిజమే, తూము ముందు ఒక మడుగు, అందులో దోమ పిల్లలు. తప్పు నాదే. తూము అడుగు మట్టాన్ని రోడ్డు అవతల నుంచి లెక్కకట్టాను, ఇవతల పూడిక కింద అసలు అడుగు ఎక్కడుందో చూడకుండా. నా బోదె అడుగు తూము కంటే నాలుగంగుళాలు పల్లమైంది. నాలుగంగుళాలే, కానీ దోమకి అది చెరువు. మర్నాడే మనుషుల్ని పెట్టి బోదె అడుగు సరిచేయించాను, ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటిదాకా మాట పడ్డ ప్రెసిడెంటు గారికి టెన్షన్ తగ్గడానికి మాత్రం ఇంకో రెండు వానలు పట్టాయి. డెల్టాలో లెవెల్ తీసేటప్పుడు అడుగుల్లో ఆలోచించే అలవాటు మానుకోవాలి. ఇక్కడ నేల అంగుళాల్లో వాలుతుంది.

ఆ తర్వాత ఆగస్టు 31 వచ్చింది. ఆ రెండు రోజుల వాన గురించి విజయవాడవాళ్లకి చెప్పక్కర్లేదు. సింగ్‌నగర్ వైపు బుడమేరు వాగు ఇళ్లను ముంచింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు స్థాయిలో పారింది. యనమలకుదురు వైపు కరకట్ట మీద జనం రాత్రంతా మేలుకున్నారు. కాలనీలో పార్కు మొత్తం చెరువైంది. నాకు వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో ఉయ్యాల పై కమ్మీ ఒక్కటే కనపడుతోంది. అంతకుముందు చాలా చిన్న వానలకే వీధిలో మూడు రోజులు నీళ్లు నిలిచేవట. ఈసారి రెండో రోజు సాయంత్రానికి రోడ్డు తేలింది, పార్కులో నాలుగో రోజుకి తగ్గింది.

దీన్ని నా బోదె గెలుపుగా చూపిస్తే బాగుంటుంది, కానీ అలా చెప్పలేను. దిగువన పెద్ద మురుగు కాలువ పొంగి వెనక్కి తన్ని ఉంటే ఈ తొమ్మిదడుగుల బోదె ఏమీ చేసేది కాదు. ఆ మూల చేసిన పని ఏమిటంటే, ఇళ్లలోకి పోవాల్సిన నీళ్లను కొన్ని గంటలు తన మీద నిలబెట్టుకుంది. వెనకటికి ఆ ఆఖరి మడి చేసిందీ అదే.

ఆ వరదలో నాలుగు నేరేడు మొక్కలు పోయాయి, తెల్లమద్దులన్నీ నిలబడ్డాయి. వేపలు దిబ్బ మీద ఉండబట్టి బతికాయి. చలికాలంలో ఒకరోజు వెళ్తే తుంగలో నీటికోడి ఒకటి పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతోంది. దాన్ని చూపించడానికి పిల్లలు నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లారు. పాము కూడా వచ్చిందట, ఒకసారి. వాచ్‌మన్ ఎవరికీ చెప్పకుండా దాన్ని పోనిచ్చాడు, నాకు మాత్రం చెప్పాడు.

మళ్లీ చేస్తే రెండు పనులు వేరుగా చేస్తాను. పెద్దాయన దగ్గరికి నాలుగో నెలలో కాదు, మొదటి వారంలోనే వెళ్తాను. తూము అవతల ఏముందో ముందే చూస్తాను. ఎందుకంటే అవతలిది ఇంకా పొలమే, బోదె అందులోంచే పోతుంది, దానికి కూడా సర్వే నంబరు లేదు. 2025 వేసవిలో ఆ పొలానికి హద్దు రాళ్లు పాతారు, మూల మీద రంగు జెండాలు కట్టారు.

వాళ్లు మెరక తోలేలోపు ఒక ఆదివారం పొద్దున మట్టం కొలిచే ఆటో లెవెల్ పట్టుకుని వెళ్లాను. ప్రెసిడెంటు గారు కొలత కర్ర పట్టుకున్నారు, వాచ్‌మన్ రంగు డబ్బా. పెద్దాయన్ని కుర్చీతో సహా తీసుకొచ్చారు. తూముకి రెండు వైపులా బోదె అడుగు మట్టం చూసి, గోడ మీద ఎర్రరంగుతో గీత గీసి, తేదీ వేసి, ఫొటోలు తీశాం. బోదె పూడ్చకుండా చూడమని పెట్టే దరఖాస్తుకి జతచేయడానికి.

పెద్దాయన కుర్చీలోంచే చేతికర్ర చాపి గీత కింద ఇంకో జానెడు దూరంలో ఆనించారు. "అది పూడిక అమ్మాయ్. మా రోజుల్లో అడుగు ఇక్కడుండేది. అదీ రాయించు."

వాచ్‌మన్ రెండో గీత కూడా గీశాడు.